ఐర్లాండ్ నడకదారులు: ఖాళీ కొండకీ ఓనర్ ఉంటాడు

డబ్లిన్‌కి చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్ళలో చాలామంది మొదటి వేసవిలోనే విక్లో కొండలకో, పడమటి తీరంలోని క్లిఫ్స్ ఆఫ్ మోహర్‌కో బయల్దేరతారు. జూన్‌లో రాత్రి పది దాటాక కూడా వెలుగుంటుంది కాబట్టి నడిచే ఓపిక ఉండాలే గానీ టైముకి లోటు లేదు. కొండెక్కి చూస్తే కనుచూపు మేర గడ్డి, గోధుమరంగు పొదలు, అక్కడక్కడా గొర్రెలు. ఇల్లు లేదు, మనిషి లేడు. ఇదంతా ప్రభుత్వ భూమో ఫారెస్టు వాళ్ళదో అయ్యుంటుంది, ఎటు కావాలంటే అటు నడవొచ్చు అనిపిస్తుంది.

చాలాచోట్ల అది నిజం కాదు. ఆ కొండ ఒక రైతుది, లేదా పదిమంది రైతుల ఉమ్మడి ఆస్తి. దేశంలోకెల్లా ఎత్తైన కారన్‌టూహిల్ శిఖరం కూడా ప్రైవేటు భూమే. వెయ్యి మీటర్లు దాటే ఆ కొండని ఏటా వేలమంది ఎక్కుతున్నారు, కానీ ఎక్కే హక్కు చట్టంలో ఎవరికీ రాసి లేదు. పక్కనున్న స్కాట్లాండ్‌లో 2003 నాటి భూసంస్కరణ చట్టం దాదాపు ఏ భూమిలోనైనా బాధ్యతగా నడిచే హక్కు ఇచ్చింది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2000 నాటి చట్టం కొండలు, బీళ్ళు, ఉమ్మడి భూముల్లో ఆ హక్కు ఇచ్చింది. దానికి తోడు అక్కడ ఊరూరా మ్యాపుల్లో గీసి నమోదు చేసిన కాలిబాటలున్నాయి. ఐర్లాండ్‌లో ఈ రెండూ లేవు. ఇక్కడ మనం నడిచే దారుల్లో ఎక్కువ భాగం ఎవరో ఒకరు ఇచ్చిన అనుమతి. ఈ ఒక్క విషయం తెలిస్తే ఇక్కడి ట్రెయిల్స్ గురించి విడ్డూరంగా కనిపించేవన్నీ అర్థమవుతాయి. ఒక సైకిల్ దారి ఏడాదిలో పూర్తయితే ఇంకొకటి ఏళ్ళు గడిచినా ఎందుకు తేలదో, నిన్నటిదాకా ఉన్న దారికి ఇవాళ గేటు ఎందుకు పడుతుందో కూడా.

మన ఊళ్ళలో డొంక అనో, పుంత అనో, బండ్లబాట అనో పిలిచే దారులు పాత సర్వే పటాల్లో ప్రభుత్వ భూమిగా నమోదై ఉంటాయి. పక్క రైతు దున్నేసి కలుపుకున్నా కాగితం మీద అది దారే. ఐర్లాండ్ పొలాల మధ్య అలాంటి భద్రత ఉన్న బాటలు చాలా తక్కువ. ఉన్నవాటిలో కొన్ని పాత రోజుల్లో జనం చర్చికి నడిచి వెళ్ళిన దారులు, కొన్ని 1840ల మహాక్షామంలో కరువు పనుల కింద వేసిన రోడ్లు. వాటిలోనూ చాలావాటికి పక్కా రికార్డు లేదు.

ఎందుకిలా అంటే భూమి చరిత్రలోకి వెళ్ళాలి. పందొమ్మిదో శతాబ్దంలో ఐర్లాండ్ భూమి దాదాపుగా భూస్వాముల చేతిలో ఉండేది. సాగు చేసేవాడు కౌలుదారు. కౌలు కట్టలేకపోతే పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చి ఇంట్లోంచి గెంటేసేవారు, కొన్నిచోట్ల ఆ కుటుంబం మళ్ళీ చేరకుండా ఇంటి కప్పు కూడా పీకేసేవారు. మేయో కౌంటీలో పుట్టిన మైకేల్ డావిట్ కుటుంబం అలా రోడ్డున పడ్డదే. ఆయనే 1879లో అదే మేయోలో లాండ్ లీగ్ అనే సంఘం పెట్టి కౌలుదారుల్ని కూడగట్టాడు. ఆ పోరాటం ఒత్తిడితో వరసగా చట్టాలు వచ్చాయి. 1903 నాటి విండమ్ చట్టంతో ప్రభుత్వం అప్పిచ్చి మరీ కౌలుదారుల చేత భూమి కొనిపించింది. రెండు మూడు తరాల్లో కౌలుదారుల దేశం సొంత పొలమున్న రైతుల దేశమైంది. 1937 రాజ్యాంగం ఆస్తిహక్కుకి ప్రత్యేకంగా రక్షణ కల్పించింది.

అందుకే ఇక్కడి రైతు ముందు "ప్రజల హక్కు" అంటే ఎదురుగా ఉన్నది నడిచే టూరిస్టు అయినా, అతనికి గుర్తొచ్చేది ముత్తాతని గెంటేసిన కాలం. నగరంలో ఉండే నడక ప్రియులు దీన్ని మొండితనం అంటుంటారు. నాకలా అనిపించదు. అంత కష్టపడి తెచ్చుకున్న పొలం గట్టుని అంత తేలిగ్గా ఎవరూ వదులుకోరు.

మరి ఏళ్ళ తరబడి జనం నడుస్తుంటే ఆ దారి జనానిది అయిపోదా? ఈ ప్రశ్న స్లైగో కౌంటీలో లిసడెల్ ఎస్టేట్ దగ్గర సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. సముద్రం పక్కన ఉన్న ఈ పాత బంగళా ఐరిష్ విప్లవకారిణి కాన్‌స్టెన్స్ మార్కివిచ్ పెరిగిన ఇల్లు. కొత్త యజమానులు 2003లో కొన్నారు. ఎస్టేట్ లోపలి దారులన్నీ ఎప్పటినుంచో జనం వాడుతున్నవే, అవి ప్రజాదారులు అని కౌంటీ కౌన్సిల్ వాదించింది. 2010లో హైకోర్టు కౌన్సిల్ మాట ఒప్పుకుంది. 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పుని చాలావరకు తిరగేసింది. యజమాని మంచితనంతో పోనిచ్చాడు అంటే ఆ దారిని ప్రజలకి రాసిచ్చినట్టు కాదని దాని సారాంశం. చివరికి ఒక్క దారికి మాత్రమే హక్కు మిగిలింది.

ఈ తీర్పులో రైతుకి ఊరట ఉంది. నడిచేవాళ్ళకీ పరోక్షంగా మేలే జరిగిందని నా అభిప్రాయం. పోనిస్తే రేపు హక్కు అంటారేమో అనే భయం తగ్గితే గేటు తెరిచే చెయ్యి తేలికవుతుంది.

రెండో భయం దావాలది. నా పొలంలో ఎవరో జారిపడి కాలు విరగ్గొట్టుకుని నా మీద కేసు వేస్తే? 1995లో వచ్చిన చట్టం దీనికి జవాబు చెప్పింది. సరదాగా నడవడానికి వచ్చినవాళ్ళని అది విడిగా ఒక కోవలో పెట్టింది. వాళ్ళ విషయంలో భూమి యజమాని కావాలని హాని చేయకూడదు, ప్రమాదం తెలిసీ బొత్తిగా పట్టించుకోకుండా ఉండకూడదు. అంతకు మించి బాధ్యత లేదు. కానీ అందులో ఒక మెలిక ఉంది. నడిచేవాళ్ళ కోసమే ప్రత్యేకంగా ఏదైనా కడితే, కంచె దాటే చెక్క మెట్లు కావచ్చు, చిన్న వంతెన కావచ్చు, దాన్ని తగినంత జాగ్రత్తగా మెయింటైన్ చేయాలి.

ఆ మెలిక విక్లో కొండల్లోని జౌస్ కొండ దగ్గర పెద్ద కేసైంది. డబ్లిన్ శివారులోని మార్లే పార్క్ నుంచి కార్లో కౌంటీలోని క్లోనెగల్ దాకా సుమారు 130 కిలోమీటర్లు సాగే విక్లో వే అనే నడకదారి ఆ కొండ పక్కనుంచే పోతుంది. అక్కడ నేలంతా బురద బీడు. వేలమంది తొక్కితే అది గాయంలా వెడల్పవుతుంది, వర్షానికి కొట్టుకుపోతుంది. అందుకని రైలు పట్టాల కింద వాడి తీసేసిన చెక్క దిమ్మెల్ని రెండేసి చొప్పున వరసగా పరిచారు, జారకుండా పైన ఇనుప వల కొట్టారు. దిమ్మెలు ఏళ్ళకొద్దీ వానకి నాని అక్కడక్కడా గుంటలు పడతాయి, వల మేకులు పైకి లేస్తాయి. 2013లో ఒక మహిళ అలాంటిచోట కాలు తట్టుకుని పడింది, మోకాలికి కుట్లు పడ్డాయి. ఆ భూమి చూసుకునే ప్రభుత్వ వన్యప్రాణి శాఖ మీద కేసు వేస్తే 2016లో సర్క్యూట్ కోర్టు 40,000 యూరోలు ఇవ్వమంది.

దేశమంతా కొండ రైతులకి టెన్షన్ పట్టుకుంది. ప్రభుత్వ శాఖకే ఈ గతి పడితే మన సంగతేంటి అనుకున్నారు. 2017లో హైకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. కొండ మీద నడిచేవాళ్ళు తమ అడుగు ఎక్కడ పడుతుందో తామే చూసుకోవాలి, నగరంలో ఫుట్‌పాత్‌కి పెట్టే కొలత ఇక్కడ పెట్టకూడదు అన్న వాదన నిలిచింది. 2023లో చట్టాన్నే సవరించి, ప్రమాదం తెలిసి తనంతట తానే దిగిన వ్యక్తి ఆ రిస్కుని ఒప్పుకున్నట్టేనని స్పష్టం చేశారు. నేల కన్నా దాని మీద వేసిన చెక్కకే ఎక్కువ బాధ్యత అంటుకోవడం వింతగా అనిపించినా, కొన్ని కొండల మీద బాణం గుర్తు తప్ప ఇంకేమీ ఎందుకుండదో దీంతో తెలుస్తుంది.

ఆ బాణం గుర్తు, దానితోపాటు ఉండే పసుపురంగు నడిచే మనిషి బొమ్మ ఇక్కడి దూరపు నడకదారుల జాతీయ చిహ్నం. గుంజ మీద ఆ బొమ్మ కనిపించిందంటే ఆ దారి కోసం ఎవరో రైతుల ఇళ్ళకి వెళ్ళి, టీ తాగుతూ మాట్లాడి ఒప్పించారని అర్థం. ఈ పనికి కౌంటీల్లో గ్రామీణ వినోద అధికారులు అని ఉంటారు. 2008 నుంచి వాక్స్ స్కీమ్ అనే పథకం నడుస్తోంది. తన భూమిలోంచి పోయే దారిని శుభ్రంగా ఉంచి, పొదలు కొట్టి, మెట్లు బాగుచేసే రైతుకి ప్రభుత్వం ఏటా డబ్బు కడుతుంది. గమనించాల్సింది ఏంటంటే ఆ డబ్బు దారి కోసం చేసే పనికి, అనుమతి కొన్నందుకు కాదు. అందుకే రైతు ఎప్పుడైనా వద్దనొచ్చు. ఒక్క పొలం మూతపడితే దారి మొత్తం తిప్పుకుని తారురోడ్డు మీదికి పోవాల్సిందే. విక్లో వే, కెర్రీ వే లాంటి పేరున్న దారుల్లో కూడా మధ్యమధ్య కార్ల పక్కన నడవాల్సి రావడానికి ఇదొక కారణం.

అనుమతి ఎంత సున్నితమైనదో 2001లో దేశమంతా చూసింది. పశువులకి గాలికుంటు వ్యాధి బ్రిటన్‌లో ప్రబలి, మార్చిలో ఐర్లాండ్‌లోని లౌత్ కౌంటీలో ఒక మందలో తేలింది. బూట్లకి అంటిన మట్టితో కూడా వ్యాపించే జబ్బు అది. కొండలన్నీ మూసేశారు, ఎవరూ వాదించలేదు. గొర్రెలే బతుకైన చోట ఆ మాత్రం అర్థం చేసుకోవాలి. కుక్కల్ని తీసుకురావద్దు అనే బోర్డు చాలా కొండల దగ్గర ఉండటానికీ కారణం అదే. ఎంత సాధుకుక్క అయినా చూలు గొర్రెని ఒక్కసారి తరిమితే రైతుకి పిల్లతో సహా నష్టం.

ఇంతవరకూ నడక. సైకిల్ దగ్గరికొస్తే కథ రైలు పట్టాల మీద మొదలవుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో ఐర్లాండ్ వేల కిలోమీటర్ల చిన్న రైలు మార్గాల్ని మూసేసింది. రైలు ఎక్కువ వాలు ఎక్కలేదు కాబట్టి ఆ మార్గాలు దాదాపు చదునుగా ఉంటాయి. నది మీద వంతెన, కొండలో సొరంగం ఎవరో ఎప్పుడో కట్టి ఉంచారు. సైకిల్ దారికి ఇంతకన్నా ఏం కావాలి? కార్లు రాకుండా సైకిళ్ళకీ నడకకీ ఉంచిన దారులు, అంటే గ్రీన్‌వేలు, అలా పుట్టాయి.

దక్షిణాన వాటర్‌ఫర్డ్ గ్రీన్‌వే తీసుకుందాం. వాటర్‌ఫర్డ్ నుంచి డంగార్వన్ దాకా 46 కిలోమీటర్లు. ఈ లైనులో ప్యాసింజర్ రైళ్ళు 1967లో ఆగిపోయినా, ఒక ఫ్యాక్టరీ కోసం గూడ్సు బండ్లు 1982 దాకా తిరిగాయి. ఆ తర్వాత కూడా భూమి రైల్వే చేతిలోనే ఉండిపోయింది. కౌన్సిల్‌కి మాట్లాడాల్సింది ప్రధానంగా ఒకే యజమానితో, అదీ ప్రభుత్వ సంస్థతో. 2017 మార్చిలో తెరిచారు. షూర్ నది పక్కన మొదలై, కిల్‌మక్‌థామస్ ఊరి మీదుగా ఎనిమిది కమానుల రాతి వంతెన దాటి, నాలుగు వందల మీటర్ల చీకటి సొరంగంలోకి దూరుతుంది. సొరంగం మొగలో గోడలకి పట్టిన నాచు, ఫెర్న్ ఆకుల నుంచి నీళ్ళు కారుతూ ఉంటాయి, ఎండాకాలంలో కూడా లోపల చల్లగా తగులుతుంది. బయటికి వచ్చాక కాసేపటికి సముద్రం. మొదటిసారి గ్రీన్‌వే చేసేవాళ్ళకి, పిల్లలతో వెళ్ళేవాళ్ళకి నేను ముందు చెప్పేది ఇదే.

మేయోలోని గ్రేట్ వెస్టర్న్ గ్రీన్‌వే వేరే కథ. వెస్ట్‌పోర్ట్ నుంచి అకిల్ దీవి దాకా 42 కిలోమీటర్లు. ఈ రైలుకి ఒక విషాద చరిత్ర ఉంది. పొగ కక్కే ఇనుప బండ్లు అకిల్‌కి వస్తాయని, మొదటి బండీ చివరి బండీ శవాల్ని మోస్తాయని ఒక జోస్యం ఆ ప్రాంతంలో చెప్పుకునేవారట. 1894లో స్కాట్లాండ్‌కి కోతపనులకి పోతున్న అకిల్ యువతీయువకుల పడవ క్లూ అఖాతంలో బోల్తా కొట్టి 32 మంది పోయారు. ఇంకా ప్రారంభం కాని లైను మీద ప్రత్యేక రైలు వేసి ఆ శవాల్ని తెచ్చారు. 1937లో లైను మూతపడే రోజుల్లో స్కాట్లాండ్‌లోని కర్కిన్‌టిల్లాక్‌లో బంగాళాదుంపల కూలీలు పడుకున్న పాకకి నిప్పంటుకుని పదిమంది అకిల్ కుర్రాళ్ళు చనిపోయారు. వాళ్ళనీ ఆ రైలే తెచ్చింది. ఇవాళ ఆ దారిన సెలవులకి సైకిల్ తొక్కేవాళ్ళు, వలస కూలీకి తప్ప ఇంకెందుకూ ఊరు దాటే అవకాశం లేని మనుషుల దారిలో పోతున్నారని గుర్తుంచుకోవాలి.

రైలు ఆగాక ఆ భూమి ముక్కలుముక్కలుగా చుట్టుపక్కల రైతుల చేతికి పోయింది. అంటే గ్రీన్‌వే వేయాలంటే అందరి దగ్గరికీ వెళ్ళాలి. కౌన్సిల్ భూమి కొనలేదు, లాక్కోలేదు. దాటిపోనివ్వండి చాలు అని అడిగింది. రైతులు ఒప్పుకున్నారు. 2010లో న్యూపోర్ట్, మల్రానీల మధ్య తెరిచి, 2011 కల్లా మిగతాది పూర్తిచేశారు. అందుకే ఆ దారి మీద తరచూ గేట్లు తగులుతాయి. ఆవులు అటు పొలం నుంచి ఇటు పొలానికి దాటుతాయి, మనం సైకిల్ దిగి ఆగాలి. అది లోపం కాదు. ఆ దారి ఉండటానికి పెట్టిన షరతే అది.

మేయో విజయం చూసి మిగతా కౌంటీలన్నీ ఎగబడ్డాయి. కానీ మేయో పద్ధతిలో ఒక బలహీనత ఉంది. కోట్ల యూరోలు పోసి వేసిన దారి ఒక్క రైతు మనసు మారితే తెగిపోవచ్చు. అందుకని ప్రభుత్వం పక్కా హక్కు కావాలంది. అక్కడే గొడవ మొదలైంది. డబ్లిన్ నుంచి గాల్వే దాకా దేశాన్ని అడ్డంగా దాటే సైకిల్ దారిలో తూర్పు సగం సాఫీగా సాగింది, ఎందుకంటే అక్కడ ప్రభుత్వం చేతిలో ఉన్న పాత కాలువ గట్టు, ముల్లింగర్, ఆథ్లోన్ మధ్య మూతపడ్డ రైలు లైను దొరికాయి. షానన్ నది దాటాక అలాంటిదేమీ లేదు. పచ్చిక పొలాల మధ్యలోంచి గీత గీశారు. బలవంతపు భూసేకరణ మాట వినపడగానే తూర్పు గాల్వే రైతులు అడ్డం తిరిగారు. పొలం రెండు ముక్కలైతే పాలావుల్ని రోజుకి రెండుసార్లు ఆ దారి మీదుగా తోలాలి. ఆ ఇబ్బంది పాడి రైతుకి చిన్నది కాదు. 2015లో ఆ భాగం పక్కన పెట్టేశారు. ఆథ్లోన్‌లో షానన్ మీద అందమైన సైకిల్ వంతెన 2023లో తెరిచినా, దాని అవతలి దారి ఇంకా తేలాల్సే ఉండింది.

కెర్రీ కౌంటీలో ఇంకా ముదిరింది. డింగిల్ అఖాతం అంచున కొండకి అతుక్కున్నట్టు వంపు తిరిగే గ్లెన్స్క్ వంతెన మీదుగా పోయిన రైలు 1960లో ఆగింది. ఆ బాటలో దక్షిణ కెర్రీ గ్రీన్‌వే కోసం కౌన్సిల్ భూసేకరణకే దిగింది. 2020 నవంబరులో ప్లానింగ్ బోర్డు అనుమతి వచ్చింది, దాని మీద హైకోర్టుకెళ్ళారు, 2021లో ఆ పిటిషన్లు వీగిపోయాయి, తర్వాతే పని మొదలైంది. అప్పటికి ఆ ప్రతిపాదన మొదలై ఏళ్ళు గడిచిపోయాయి.

ఈ అనుభవాలతో 2018లో గ్రీన్‌వేల మీద జాతీయ విధానం, 2021లో రైతులతో ఎలా వ్యవహరించాలనే నియమావళి వచ్చాయి. ముందు గీత గీసి తర్వాత చెప్పడం కాదు, మొదటినుంచీ రైతుతో మాట్లాడాలి. వీలైనంతవరకు పొలం మధ్యనుంచి కాకుండా ప్రభుత్వ భూమి గుండా, పొలం అంచున దారి పట్టాలి. ఇష్టపూర్వకంగా ఇచ్చినవాళ్ళకి ధరతో పాటు అదనపు చెల్లింపు ఉండాలి. భూసేకరణ ఆఖరి అస్త్రం. దీనివల్ల పని నెమ్మదిస్తుందని సైకిల్ సంఘాల ఫిర్యాదు. నిజమే, నెమ్మదిస్తుంది. అయినా ఇదే సరైన పద్ధతి అంటాను. దారి వేశాక దాని పక్కన బతికేది ఆ రైతే, అతను కోపంగా ఉన్న దారి మీద ఎవరికీ సంతోషం ఉండదు.

ఇవేవీ పట్టకుండా ప్రశాంతంగా తొక్కాలంటే రాయల్ కెనాల్ గ్రీన్‌వే ఉంది. మేనూత్ నుంచి లాంగ్‌ఫర్డ్ కౌంటీలోని క్లూండారా దాకా 130 కిలోమీటర్లు, ఒకప్పుడు పడవల్ని గుర్రాలు లాగిన కాలువ గట్టు. గట్టు ప్రభుత్వానిది కాబట్టి 2021లో పూర్తయ్యాక వివాదం లేదు. ఇక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది, కాబట్టి రైల్లో లాంగ్‌ఫర్డ్ వైపు వెళ్ళి డబ్లిన్ వైపు తొక్కుకుంటూ రండి. రైల్లో సైకిల్‌కి చోటు తక్కువ, ముందే బుక్ చేసుకోవాలి.

మనవాళ్ళు తరచూ పొరబడేది వైల్డ్ అట్లాంటిక్ వే దగ్గర. పేరు వినగానే తీరం వెంబడి సైకిల్ దారి అనుకుంటారు. 2014లో ప్రారంభించిన ఈ 2,500 కిలోమీటర్ల మార్గం కార్ల కోసం బోర్డులు పెట్టిన రోడ్డు. ఇరుకు రోడ్డు, రెండు పక్కలా రాతిగోడ, వేసవిలో ఎదురుగా టూరిస్టు బస్సులు. అలవాటున్నవాళ్ళు తొక్కుతారు, కొత్తవాళ్ళు పిల్లలతో దిగొద్దు.

ఇక తీరం. సముద్రపు పోటు తాకే గీతకి దిగువన ఉన్న నేల చాలావరకు ప్రభుత్వానిది. కానీ అక్కడికి చేరాలంటే ఎవరి పొలమో దాటాలి, కొండకొమ్ము మీది దారి అయితే పూర్తిగా పొలంలోనే ఉంటుంది. క్లిఫ్స్ ఆఫ్ మోహర్‌లో టికెట్ కొనే సందర్శక కేంద్రం పరిధి చిన్నది. దానికి అటు డూలిన్ వైపు, ఇటు హాగ్స్ హెడ్ వైపు సాగే కాలిబాట రైతుల అనుమతితో ఏర్పడ్డది. గరిష్ఠంగా 214 మీటర్ల ఎత్తుండే ఆ కొండ మీద, పొలం కంచెకీ అంచుకీ మధ్య కొన్నిచోట్ల కొద్ది అడుగుల జాగానే ఉంటుంది. వాన పడితే బంకమట్టి. ఫోటో కోసం కంచె దాటి అంచుకి పోయేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. వరసగా ప్రాణాలు పోయాక 2024లో ఆ బాటలో పెద్ద భాగం మూసేశారు.

డబ్లిన్‌కి దగ్గర్లో బ్రే నుంచి గ్రేస్టోన్స్ దాకా ఉన్న కొండ అంచు దారీ అంతే. 1840ల్లో కింద రైలుమార్గం వేయడానికి కూలీలు, సామాను పోయేందుకు చేసిన బాట అది. తర్వాత తరతరాల నడకదారి అయింది. కొండచరియలు విరిగిపడి 2021లో మూసేశారు. అలాంటి చోట పాత దారి బాగుచేయాలంటే పైనున్న చరియ మొత్తాన్ని నిలబెట్టాలి, లేదంటే దారిని లోపలికి జరపాలి. జరపడం అంటే కొత్త పొలాలు, కొత్త యజమానులు, మళ్ళీ మొదటినుంచి మాటలు. సముద్రం కోత ఎక్కువవుతున్నకొద్దీ ఈ పని తీరమంతా పడుతుంది.

అందుకే బయల్దేరే ముందు ఆ దారి ఇవాళ తెరిచి ఉందో లేదో కౌంటీ కౌన్సిల్ సైటులో చూసుకోండి, పాత యూట్యూబ్ వీడియో చూసి వెళ్ళొద్దు. గేటు మూసి ఉంటే దాటాక మళ్ళీ మూయండి, తెరిచి ఉంటే తెరిచే ఉంచండి. రైతు ట్రాక్టర్ తిరిగే గేటు ముందు కారు ఆపొద్దు. కొండ మీద దారి తప్పినా, దెబ్బ తగిలినా 112కి ఫోన్ చేసి మౌంటెన్ రెస్క్యూ కావాలని అడగండి. వచ్చేవాళ్ళు వాలంటీర్లు, డబ్బు అడగరు.